బోండాలు వద్దు వదినా, శనివారం రండి

ప్రశ్న: మాది కవిటి మండలం. మామగారికి కిడ్నీలు పాడై రెండేళ్లయింది. వారానికి మూడుసార్లు పలాస తీసుకెళ్లి డయాలసిస్ చేయిస్తున్నాను. అత్తగారు మోకాళ్ల నొప్పులతో మంచం దిగలేరు. మా ఆయన చెన్నైలో వెల్డింగ్ పని. పాప పదో తరగతి, బాబు రెండో తరగతి. సోంపేట నుంచి మా వదిన కొబ్బరి బోండాలు పట్టుకొని వస్తారు, నాన్న చిక్కిపోయాడని నన్నే అంటారు. మొన్న పాలు ఒలకబోశాడని బాబు వీపు మీద వేళ్లు తేలేలా కొట్టాను. ఒక్కోసారి మామగారు పోతే బాగుణ్ణు అనిపిస్తంది. నాను పాపిష్టిదాన్నా?

జవాబు: కాదమ్మా. చీకటితో లేచి ఆయన్ని బస్సెక్కించి, నాలుగు గంటలు బయట బల్ల మీద కూర్చుని, నీరసంతో తూలిపోయే మనిషిని భుజం పట్టి ఇంటికి తెచ్చేది మీరే. ఈ పరుగు ఒక్కరోజైనా ఆగితే బాగుణ్ణని మీ ఒళ్లు మొరపెట్టుకుంటోంది. బాగా అలిసినప్పుడు ఆ మొర ఇలాంటి మాటగానే బయటికొస్తుంది. నా దగ్గరికొచ్చే కోడళ్లు, కూతుళ్లు చాలామంది ఇదే మాట గొంతు తగ్గించి చెప్పారు. అయితే ఎప్పుడైనా మీకే చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఆలోచించకుండా 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, డబ్బు ఖర్చుండదు, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు.

ఇక బోండాల సంగతి. కొబ్బరి తోటల సీమ మీ ఉద్దానంలో బోండం తేవడమంటే ప్రేమే. కానీ కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. అది రక్తంలో పేరుకుంటే గుండెకే ముప్పు. ఈసారి తెస్తే పిల్లలకి కొట్టిచ్చెయ్యండి. వదినగారితో, "బోండాలు వద్దు వదినా, శనివారం మీ నాన్నగారిని పలాస మీరు తీసుకెళ్లండి" అనండి. సాయం చెయ్యమని ఊరికే అంటే ఎవరూ కదలరు. ఏ రోజు, ఏ పని అని చెప్పి అడగాలి. అడగడానికి మొహమాటపడకండి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం కూడా ఆ బాధ్యత కొడుకులతో పాటు కూతుళ్ల మీదా పెట్టింది. అందులో కోడలి పేరే లేదు. వదినగారిని బెదిరించడానికి కాదు, అడిగే హక్కు మీకుందని చెప్పడానికే ఇది రాస్తున్నాను. మీ ఆయనకీ అంతే. డబ్బు పంపడంతో తీరదు. నెలకి రెండు డయాలసిస్‌లు ఆయనవి అనుకోండి, ఏ తేదీలకి వస్తారో ముందే చెప్పించుకోండి.

అత్తగారిక్కూడా ఒక పని ఇవ్వండి. డాక్టరు రోజుకి ఎన్ని నీళ్లు తాగొచ్చన్నారో అన్నీ పొద్దున్నే ఒక సీసాలో కొలిచి ఆవిడ మంచం పక్కన పెట్టండి. మామగారు గ్లాసు టీ తాగితే గ్లాసు నీళ్లు సీసాలోంచి తీసెయ్యాలి. ఆ లెక్క ఆవిడది. దాహమని ఆయన అడగడం, వద్దని మీరు అరవడం, రోజుకి పదిసార్లు జరిగే ఆ రభస మీ నెత్తి మీంచి దిగుతుంది. ఆవిడకీ ఊసుపోతుంది.

డయాలసిస్ రోగులకి ప్రభుత్వం ఇచ్చే 10,000 రూపాయల పింఛను మామగారికి వస్తోందో లేదో మీరు రాయలేదు. రాకపోతే మీ ఊరి సచివాలయంలో అడగండి. వస్తుంటే అందులోంచి ఆటోకీ, అంట్లు తోమే మనిషికీ కొంత తీసి పక్కన పెట్టండి. ఆయన పేరున వచ్చే డబ్బు ఆయన్ని చూసుకునే మనిషి నడుం నిలబెట్టడానికి వాడితే తప్పేం లేదు.

పాప గురించి ఒక్క ముక్కే రాశారు. మీరు పలాసలో ఉన్న రోజుల్లో పొయ్యి దగ్గర నిలబడేది ఆ పిల్లేనేమో అని నా అనుమానం. మార్చిలో పరీక్షలు. అప్పటిదాకా ఆ రోజుల్లో వంట పక్కింటి వాళ్లతోనో, డబ్బిచ్చి ఇంకెవరితోనో చేయించండి. పాప చేత మాత్రం వద్దు.

బాబుతో ఇవాళే మాట్లాడండి. "అమ్మ బాగా అలిసిపోయి కొట్టింది, తప్పు నాదే" అని వాడి కళ్లలోకి చూసి చెప్పండి. డయాలసిస్ లేని రోజు రాత్రి వాడి పక్కన పడుకోండి. వీపు నిమురుతూ వాడు బడి కబుర్లు చెబుతుంటే వినండి. మధ్యలో మీకు నిద్ర పట్టేసినా ఫరవాలేదు.