పుస్తకాల బీరువా చేసుకుంటున్న అమ్మలుకి

అమ్మలూ,

ఆఫీసు గదిలోకి పుస్తకాల బీరువా నీ చేత్తో నువ్వే చేసుకుంటానన్నావట. మీ అమ్మ ఫోన్లో చెప్పగానే ప్రాణం లేచొచ్చింది. మన పాతింట్లో కడప బండ అరలు నీకు గుర్తుండే ఉంటాయి. గోడ కట్టేటప్పుడే దింపేసిన బండలవి, జరిగేవి కావు. మీ తాతయ్య నిఘంటువులు వాటిలో నిలబడక, ఏళ్ల తరబడి అడ్డంగా పడుకునే అట్టలు ఊడగొట్టుకున్నాయి. అరలు పైకీ కిందకీ మార్చుకునేలా ఉండాలని నువ్వు పట్టుబట్టడం అందుకే నాకు బాగా నచ్చింది.

చెక్క కొనే ముందు టేపు పట్టుకుని పుస్తకాలు కొలుచుకో. మన తెలుగు పుస్తకాల్లో ఎక్కువ భాగం డెమ్మీ సైజు, అంటే ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు. వాటికి పది అంగుళాల ఖాళీ చాలు, పైన వేళ్లు పట్టేంత చోటుంటుంది. ఏ4 కాగితమే దాదాపు పన్నెండు అంగుళాలు కాబట్టి ఫైళ్లకి పదమూడో పద్నాలుగో కావాలి. ప్రింటరు మాత్రం ఇందులో పెట్టకు. దానికి లోతు చాలదు, విడిగా బల్ల చూసుకో.

ప్లైవుడ్ షీటు ఎనిమిదడుగులు బై నాలుగడుగులు. నాలుగడుగుల్ని నాలుగు చేస్తే పన్నెండేసి అంగుళాలు వస్తాయనుకుంటాం, రావు. రంపం కోసిన ప్రతిచోటా ఒక నూలు దాకా, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, తినేస్తుంది. అందుకే లోతు పదకొండు ముప్పావు అనుకో. కోత ఎప్పుడూ షీటు పొడవునే సాగాలి. పై పొర నార అర పొడవు వెంట ఉంటేనే బరువు మోస్తుంది. 18 మిల్లీమీటర్ల మందం, ప్లైవుడ్ నాణ్యతకి వేసే ఐఎస్ 303 ముద్ర, తడిని బాగా తట్టుకునే బీడబ్ల్యూఆర్ రకం అడుగు. కొట్లో షీటుని వేలి కణుపుతో అక్కడక్కడా తట్టి చూడు. ఒకచోట గట్టిగా, ఇంకోచోట డొల్లగా మోగితే లోపల పొరల మధ్య ఖాళీ ఉన్నట్టే. ఆ షీటు వద్దు.

అర పొడవు ముప్ఫై అంగుళాలు దాటనివ్వకు. గోడ అంత పొడవుంది కదా, ఒకే అర వేద్దామని అందరికీ అనిపిస్తుంది. నిండా సర్దిన పుస్తకాలు అడుగుకి దాదాపు పది కిలోలు తూగుతాయి. ముప్ఫై అంగుళాల నుంచి ముప్ఫై ఆరుకి వెళితే పెరిగేది ఆరంగుళాలే, వంగడం మాత్రం రెట్టింపవుతుంది. పొడవే రెట్టింపు చేస్తే పదహారు రెట్లు వంగుతుంది. అందుకే రెండు బీరువాలు చేసి పక్కపక్కన నిలబెట్టు. ప్రతి అర ముందంచుకీ ఒకటిన్నర అంగుళం వెడల్పున్న టేకు బద్దను నిలువుగా అంటించు. ఆ బద్ద మందం అర లోతులోంచి తగ్గించుకో. అర ఎన్నాళ్లయినా నడుము వంచదు.

అన్ని అరలూ జరిగేవే పెట్టాలని మాత్రం చూడకు. అడుగు, పైకప్పుతో పాటు నడిమి అర కూడా బిగించేయాలి. అది లేకపోతే పక్క చెక్కలు కాలక్రమేణా బయటికి ఉబ్బుతాయి, అరలు పెగ్గుల మీంచి, అంటే పక్క చెక్కల బెజ్జాల్లో దూర్చే చిన్న ఊతల మీంచి, జారిపోతాయి. జరిగే అరల్ని లోపలి కొలత కంటే ఒక నూలు తక్కువ కొయ్యి.

ఇప్పుడు బెజ్జాల సంగతి. ఇది నెమ్మదిగా చదువు తల్లీ. ఫ్యాక్టరీల్లో 5 మిల్లీమీటర్ల బెజ్జం, బెజ్జానికీ బెజ్జానికీ మధ్య 32 మిల్లీమీటర్లు. మన చేతి పనికి ఒకటింపావు అంగుళం పెట్టుకుంటే దాదాపు అంతే. ముందంచు నుంచి రెండంగుళాలు, వెనకంచు నుంచి రెండంగుళాలు లోపలికి ఒక్కో వరుస. టేపు పెట్టి ఒక్కో బెజ్జం గుర్తు పెట్టుకుంటూ పోతే ఎక్కడో తప్పుతుంది. ఒక బద్దకి ముందే బెజ్జాలు కొట్టుకుని దాన్నే అచ్చుగా వాడు. బద్ద ఒక చివర ‘కింద’ అని రాసి, ఆ చివర ప్రతిసారీ పక్క చెక్క అడుగంచుకి ఆనించు. రెండో చెక్కకి బద్దను బోర్లా తిప్పొచ్చు, తలకిందులు మాత్రం చేయకు.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు ఒక మాస్టారింటి బీరువాకి ఒక్క వరుసలో బద్ద తలకిందులైంది. ప్రతి అరా మూడు పెగ్గుల మీదే ఆనేది, వేలితో నొక్కితే టక్కుమనేది. ఆ వరుస బెజ్జాలన్నిటికీ టేకు ముక్కలు సన్నగా చెక్కి, ఫెవికాల్ పెట్టి దిగ్గొట్టి, చిత్రిక పట్టి మళ్లీ తొలిచాను. మూడు రాత్రులు పట్టింది. ఆయన ఒక్క మాటా అనలేదు, అదే ఎక్కువ బాధనిపించింది.

డ్రిల్ బిట్టుకి ఎర్ర టేపు చుట్టుకో. బెజ్జం లోతు 12 మిల్లీమీటర్లు చాలు, దానికి అచ్చు బద్ద మందం కలిపి ఆ కొలత దగ్గర చుట్టు. లేకపోతే బిట్టు అవతలికి పొడుచుకొస్తుంది. మైకా అంటించాకే బెజ్జాలు కొట్టు, అంచులు శుభ్రంగా వస్తాయి. మైకా రెండు వైపులా అంటించాలి, ఒక్క వైపే అయితే చెక్క మెలి తిరుగుతుంది.

వెనక ఆరు మిల్లీమీటర్ల ప్లై బిగించే ముందు మూల నుంచి మూలకి రెండు కర్ణాలూ కొలిచి చూడు. రెండూ సమానమైతేనే స్క్రూ పట్టించు. కింద మూడంగుళాల పీట ఉంటే ఇల్లు తుడిచిన తడి తగలదు. నీ గది గోడకి అవతల బాత్రూం ఉందేమో చూసుకో, ఉంటే ఆ గోడ వదిలెయ్. పైన రెండు చోట్ల ఎల్ ఆకారపు ఇనుప క్లాంపులతో బీరువాని గోడకి బిగించడం తప్పనిసరి. పాప అరలు పట్టుకుని ఎక్కే వయసులో ఉంది. మీ అపార్టుమెంటు గోడలు కాంక్రీటువైతే హామర్ డ్రిల్ కావాలి, తేలిక బ్లాకులవైతే వాటికి తగ్గ పొడుగు ప్లగ్గులు కావాలి. ముందే కనుక్కో.

నా టేకు అచ్చు బద్దను రేపు బస్సు పార్సిల్లో వేస్తున్నాను. ఆ మాస్టారి బీరువా తరవాత చేసుకున్నదే అది. ‘కింద’ అన్న అక్షరాలు అరిగిపోతే నిన్ననే మళ్లీ చెక్కాను. పుస్తకాల కొలతలు నాకు పంపాకే షీట్లు కొను.

మీ మామయ్య