బడి నడిచే తీరు నేర్పే పాఠాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

చదువు పిల్లల స్వభావాన్నీ విలువలనూ ఎలా మలుస్తుందన్న విషయం మీద గత సంచికలో ప్రశ్నలు ఆహ్వానించాం. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. స్థలాభావం వల్ల ఉత్తరాలను కొంత కుదించాను.

ప్రశ్న: మా అబ్బాయి తిరుపతిలోనే ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. పదో తరగతి దాకా పక్కింటి పిల్లలను కూర్చోబెట్టుకుని లెక్కలు చెప్పేవాడు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు స్నేహితుల గురించి అడిగితే, ప్రతి ఒక్కరి పేరుతో పాటు ర్యాంకు చెబుతున్నాడు. జ్వరంతో వారం రోజులు క్లాసుకు రాలేకపోయిన రూమ్మేటు నోట్సు అడిగితే, కనిపించడం లేదని అబద్ధం చెప్పాడట. అది తెలివైన పనే అనుకుంటున్నాడు. ఇది వయసు వల్ల వచ్చిన మార్పా, చదువు వల్ల వచ్చినదా?
– ఒక తల్లి, ఎం.ఆర్. పల్లె, తిరుపతి

జవాబు: అమ్మా, వయసు ప్రభావం కొంత ఉండవచ్చు గానీ, మీరు రాసిన రెండు సంగతులూ వయసుతో పాటు వాటంతటవే వచ్చేవి కావు. అతను వాటిని నేర్చుకున్నాడు. తోటివాడికి నోట్సు ఇవ్వవద్దని ఏ లెక్చరరూ పాఠం చెప్పి ఉండరు. కానీ ఆదివారం పరీక్ష పెట్టడం, మర్నాడు నోటీసు బోర్డు మీద అందరి ర్యాంకులూ అంటించడం, మార్కులు తగ్గినవాణ్ని కింది సెక్షన్‌కు పంపడం, పేరున్న లెక్చరర్లను పై సెక్షన్లకే కేటాయించడం, ఫలితాల రోజుల్లో కూడళ్లలో కట్టే ఫ్లెక్సీల మీద పిల్లవాడి పేరుకన్నా ర్యాంకును పెద్ద అక్షరాల్లో వేయడం – ఇవన్నీ కలిసి రెండేళ్ల పాటు అతనికి రోజూ ఒకే మాట చెబుతున్నాయి. సిలబస్‌లో ఎక్కడా రాసి ఉండకపోయినా, తరగతి గది నడిచే పద్ధతి వల్లనే పిల్లలకు అబ్బే ఇలాంటి అలవాట్లకు అమెరికన్ విద్యావేత్త ఫిలిప్ జాక్సన్ 1968లో 'గుప్త పాఠ్యప్రణాళిక' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. విద్యార్థి మనసు మీద దాని ప్రభావం పుస్తకంలోని పాఠం కన్నా బలంగా ఉంటుందని నా నమ్మకం. ఎందుకంటే పుస్తకంలోని పాఠం పరీక్షతో ముగుస్తుంది, ఇది ముగియదు.

పోటీ అనేదే అబద్ధమని నేను అనడం లేదు. సీట్లు తక్కువ, రాసేవారు ఎక్కువ. అయితే ఇక్కడ మీ అబ్బాయికి లెక్కల భాషలోనే చెప్పదగిన సంగతి ఒకటి ఉంది. జేఈఈ మెయిన్ ఏటా పది లక్షల మందికి పైగా రాస్తారు. అందులో పక్క మంచం మీద పడుకునే ఒక్క పిల్లవాడు వెనకబడినందువల్ల అతని ర్యాంకు మహా అయితే ఒక్క స్థానం మెరుగుపడుతుంది. అదే నోట్సు పట్టుకుని ఆ పిల్లవాడికి వారం రోజుల పాఠం వివరించి ఉంటే, తనకు ఎక్కడ సరిగా అర్థం కాలేదో తనకే తెలిసి వచ్చేది. నోటీసు బోర్డు అతని కళ్లముందు ఉంచేది ఆ పది లక్షల మందిని కాదు, తన సెక్షన్‌లోని కొద్దిమందిని. అందుకే ఆ కొద్దిమందే శత్రువులుగా కనిపిస్తున్నారు.

ఇది మార్చడానికి వీల్లేని సంగతేమీ కాదు. 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో నల్లజాతి, తెల్లజాతి, మెక్సికన్ మూలాలున్న పిల్లలు మొదటిసారి ఒకే తరగతిలో కూర్చుని కొట్లాడుకుంటున్నప్పుడు, ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వవేత్త వారికి హితబోధ చేయించలేదు. పాఠాన్ని ముక్కలు చేసి, జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చి, ఒకరు చెబితే గానీ మిగతావారికి పాఠం పూర్తి కాని విధంగా ఏర్పాటు చేశారు. కొన్ని వారాల్లోనే పిల్లల మధ్య ద్వేషం తగ్గింది, వెనకబడిన పిల్లల మార్కులు పెరిగాయి. అంత దూరం పోకుండా చెప్పాలంటే, 2022 దాకా మన చిత్తూరు జిల్లాలోనే ఉన్న మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, ఒకరితో ఒకరిని పోల్చడం వల్ల పిల్లల్లో భయమే పెరుగుతుందని జీవితాంతం చెప్పారు. ఆ ఊరికి దగ్గరలోని రిషివ్యాలీ పాఠశాల చుట్టుపక్కల పల్లెల్లో నడిపే చిన్న బడుల్లో వేర్వేరు వయసుల పిల్లలు కలిసి కూర్చుని, అభ్యాస కార్డుల సాయంతో ఎవరి వేగంతో వారు ముందుకు వెళ్తారు. ఆ పద్ధతిని చూసి తమిళనాడు ప్రభుత్వం తన బడుల్లో ఇలాంటి విధానాన్ని ప్రవేశపెట్టింది.

మీ చేతిలో ఉన్నవి రెండున్నాయి. ఫోన్ చేసినప్పుడు మీరు మొదట అడిగేది ర్యాంకు గురించే అయితే, ఇంకోటి అడగడం మొదలుపెట్టండి: ఈ వారం ఎవరికైనా ఏమైనా చెప్పావా, ఎవరి దగ్గరైనా ఏమైనా నేర్చుకున్నావా అని. తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు, ర్యాంకుల జాబితా గోడకు అంటించకుండా ఎవరి మార్కులు వారికే ఇవ్వమని మరికొందరిని కలుపుకుని అడగండి. నోట్సు విషయంలో మాత్రం అతన్ని ఊరికే వదలకండి. పదిహేడేళ్ల పిల్లవాడికి కాలేజీ నేర్పిన దాన్ని కాదనే శక్తి కూడా ఉంటుంది. సెలవు అయిపోయి వెళ్లగానే ఆ రూమ్మేటుకు నోట్సు ఇచ్చి, అబద్ధం చెప్పానని ఒప్పుకొమ్మని చెప్పండి.

ప్రశ్న: నేను చిత్తూరు దగ్గరి మండలంలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయినిని. శనివారాల్లో శతక పద్యాలు, నీతికథలు చెబుతాను. మంచి పని చేసిన వారికి నక్షత్రం స్టిక్కరు ఇస్తాను. నిజాయితీ మీద వ్యాసం రాయమంటే అందరూ చక్కగా రాస్తారు. ఆ పిల్లలే హోమ్‌వర్కు పక్కవారి దాంట్లో చూసి దించుతారు, మధ్యాహ్న భోజనం వరుసలో చిన్నవాళ్లను తోసేస్తారు. నీతిబోధ వృథా అనుకోవాలా?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: టీచరు గారూ, మీరు గమనించినదాన్నే దాదాపు వందేళ్ల కింద హార్ట్‌షోర్న్, మే అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు వేల మంది పిల్లల మీద పరిశీలించి, 1928 నుంచి 1930 మధ్య ప్రచురించారు. పరీక్షల్లో, ఆటల్లో, ఇంటి పనిలో మోసం చేసే అవకాశం పిల్లలకు తెలియకుండా కల్పించి చూశారు. నీతి సూత్రాలు బాగా చెప్పగలగడానికీ, మోసం చేయకుండా ఉండడానికీ మధ్య సంబంధం చాలా బలహీనంగా కనిపించింది. ఒకచోట నిజాయితీగా ఉన్న పిల్లవాడే ఇంకోచోట మోసం చేశాడు. దొరికిపోయే అవకాశం, పక్కవారు ఏం చేస్తున్నారన్నది, ఆ తరగతి వాతావరణం – వీటిని బట్టి ప్రవర్తన మారింది.

అయినా నీతిబోధ వృథా అని నేను అనను, ఎందుకంటే దానికి ఎదురు సాక్ష్యం మన దేశంలోనే ఉంది. హర్యానా ప్రభుత్వ పాఠశాలల్లో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతో రెండున్నరేళ్ల పాటు, మూడు వారాలకు ఒకసారి ముప్పావు గంట, ఆడపిల్లల చదువు, ఇంటి పని, పెళ్లి వంటి విషయాల మీద చర్చలు జరిపించారు. 2022లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో, ఆ తరగతుల పిల్లల అభిప్రాయాలు సమానత్వం వైపు మొగ్గాయని, చర్చలు ముగిసిన రెండేళ్లకు కూడా ఆ మార్పు నిలిచిందని, మగపిల్లలు ఇంటి పనుల్లో మునుపటి కన్నా ఎక్కువగా చేయి కలుపుతున్నట్టు చెప్పారని తేలింది. ఆ గంటల్లో పిల్లలు వాదించారు, ఎదురు చెప్పారు, ఇంట్లో చూసినదాన్ని చెప్పుకున్నారు. మీ శనివారం పీరియడ్‌లో కూడా పద్యానికి తాత్పర్యం రాయించి వదిలేయకుండా, ఈ మాట మన ఊళ్లో ఎక్కడ చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు అని అడిగి చూడండి. పిల్లలు తప్పు జవాబు చెప్పినా కంగారు పడి సరిచేయకండి. తోటి పిల్లవాడే సరిచేస్తాడు.

స్టిక్కర్ల విషయంలో ఒక హెచ్చరిక. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ చేసిన ప్రయోగంలో, బొమ్మలు వేయడం ఇష్టపడే చిన్నపిల్లల్లో కొందరికి బొమ్మ వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పారు. తర్వాత రోజుల్లో బహుమతి లేనప్పుడు, వారు మిగతా పిల్లల కన్నా బొమ్మల జోలికి తక్కువగా వెళ్లారు. నక్షత్రం కోసం చెత్త ఎత్తిన పిల్లవాడు నక్షత్రం ఆగిన రోజు ఎత్తడం మానేస్తాడు.

నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైనదిగా కనిపించింది భోజనం వరుస. ప్రతి బడిలోనూ రోజూ జరిగే పని అది, అక్కడ నేర్పగలిగినది ఏ కథలోనూ నేర్పలేం. ఆరో తరగతి వారు ముందు, పదో తరగతి వారు చివర అని నియమం పెట్టి, వడ్డన పెద్ద పిల్లలకు అప్పగించండి. పప్పు గరిటె తన చేతిలో ఉన్నవాడు, చివరి పళ్లెం దాకా సరిపోయేలా చూడవలసి వస్తుంది. గుడ్డు ఇచ్చే రోజున లెక్క తప్పితే ఎవరో ఒకరికి అందదు, ఆ ముఖం వాడే చూడాలి. పెద్దలు పక్కనే నిలబడి చూస్తే చాలు, అరవనక్కర్లేదు. అలాగే గది ఊడ్చేది ఎప్పుడూ ఆడపిల్లలేనా, బల్లలు మోసేది ఎప్పుడూ మగపిల్లలేనా అని కూడా ఒకసారి చూసుకోండి.

హోమ్‌వర్కు దించడం మాత్రం చాలాసార్లు నిజాయితీ సమస్య కాదు, భయం సమస్య. రాలేదని చెబితే దెబ్బలో తిట్లో తప్పవనుకున్న పిల్లవాడు దించుతాడు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. ఆ చట్టం మీ స్టాఫ్‌రూమ్‌లో ఎంత అమలవుతోందో మీకే తెలుస్తుంది. నాకు ఈ లెక్క రాలేదు అని ధైర్యంగా చెప్పగలిగే తరగతిలో దించడం తగ్గుతుంది.

ప్రశ్న: మాది పలమనేరు వైపు పల్లె. మా అమ్మాయి తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం హాస్టల్లో ఉండి ఎం.ఏ. చదువుతోంది. సెలవులకు వచ్చి, పొలం పనికి వచ్చేవారికి వేరే గ్లాసులో టీ ఇవ్వడం తప్పని నలుగురి ముందూ వాళ్ల నాయనమ్మతో వాదించింది. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కింది తనే మొదటిది. చదువు పెద్దల మీద గౌరవం పోగొడుతోందా?
– ఒక తండ్రి

జవాబు: అయ్యా, చదువు ఆలోచనల్ని మార్చుతుందన్నది నిజం, అందులోనూ హాస్టల్లో ఉండి చదివే చదువు. అమెరికాలోని బెన్నింగ్టన్ మహిళా కళాశాలలో 1935 నుంచి 1939 దాకా థియొడోర్ న్యూకూమ్ అనే పరిశోధకుడు దీన్నే గమనించారు. అక్కడి అమ్మాయిలు ఎక్కువగా సంపన్న సంప్రదాయ కుటుంబాల వారు. 1936 అధ్యక్ష ఎన్నికలప్పుడు, వారి తల్లిదండ్రులు సమర్థించే రిపబ్లికన్ అభ్యర్థి వైపు మొదటి సంవత్సరం విద్యార్థినుల్లో 62 శాతం ఉండగా, చివరి రెండు సంవత్సరాల వారిలో 15 శాతమే ఉన్నారు. మార్చింది పాఠ్యపుస్తకాలు మాత్రమే కాదు, కలిసి బతికిన తోటివారూ అధ్యాపకులూ. పాతికేళ్ల తర్వాత వెళ్లి అడిగినా చాలామంది ఆ అభిప్రాయాల మీదే నిలిచి ఉన్నారు.

మన దేశం సంగతి చూస్తే, ఢిల్లీ ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకు సీట్లు ఇవ్వాలన్న నియమం వచ్చాక ఏం జరిగిందో గౌతమ్ రావు అనే ఆర్థికవేత్త పరిశీలించి 2019లో ప్రచురించారు. పేద పిల్లలతో కలిసి చదివిన సంపన్న పిల్లల్లో ఉదారత పెరిగింది, పేదల పట్ల వివక్ష తగ్గింది. పేర్ల అక్షరక్రమంలో జట్లు వేసిన బడుల్లో, పేద పిల్లలున్న జట్టులో పడిన వారిలో కూడా ఈ మార్పు కనిపించింది. మీ అమ్మాయి హాస్టల్లో ఏ కులం అమ్మాయితో ఒకే పళ్లెంలో తిన్నదో, ఎవరి గ్లాసులో నీళ్లు తాగిందో మీకు తెలియదు. ఆ తర్వాత ఇంటికి వచ్చి చూస్తే వేరే గ్లాసు ఆమెకు వింతగా కనిపించక తప్పదు.

ఈ విషయంలో నేను మధ్యేమార్గం చెప్పలేను. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది, వేరే గ్లాసు దాని గుర్తే. 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు విశాఖపట్నంలో ఉండగా తెలుగులో రాసిన ప్రతిజ్ఞను మీ అమ్మాయి ఒకటో తరగతి నుంచి రోజూ చదివింది. 'భారతీయులందరూ నా సహోదరులు' అన్న మాటను ఆమె నమ్మింది, అంతే. నాయనమ్మతో నలుగురి ముందు కాకుండా లోపల మాట్లాడి ఉంటే బాగుండేదని మీరు చెప్పవచ్చు, ఆమె వింటుంది. కానీ ఆ మాట చెప్పేముందు గ్లాసులు మార్చండి.

ప్రశ్న: నేను చిత్తూరులో ఇంటర్ చదువుతున్నాను. ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో లోలకంతో కొలిచే 'జి' (గురుత్వ త్వరణం) విలువ 980కి (సెం.మీ./సె² లలో) దగ్గరగా రావాలని, రాకపోతే రీడింగులు సరిచేసి రాయమని చెబుతారు. సీనియర్ల రికార్డు చూసి రాసేస్తాం. ఇది చిన్న విషయమే కదా?
– ఒక విద్యార్థి

జవాబు: చిన్న విషయం కాదు. మీకు సైన్సు నేర్పాల్సిన గదిలోనే, ఫలితం ముందే తెలుసు కాబట్టి కొలత అక్కర్లేదని నేర్పుతున్నారు. రేపు మీరు డాక్టరో ఇంజినీరో అయినప్పుడు రిపోర్టు మీద అంకె రాసేది ఈ చెయ్యే.

ఒక మీటరు లోలకానికి 20 డోలనాలు పూర్తి కావడానికి దాదాపు 40 సెకన్లు పడుతుంది. స్టాప్‌వాచ్ ఆపడంలో ఒక్క సెకను ఆలస్యమైతే 'జి' విలువ 930 ప్రాంతానికి పడిపోతుంది. దారం పొడవును గుండు మధ్య దాకా కాకుండా కొక్కెం దాకానే కొలిస్తే ఇంకొంత తప్పుతుంది. లోలకం మరీ వెడల్పుగా ఊగినా తేడా వస్తుంది. ఈ మూడూ తెలిసిన విద్యార్థికి 930 రావడం అవమానం కాదు. ప్రతి పొడవుకూ మూడుసార్లు కాలం కొలిచి సగటు తీయండి. వచ్చిన అంకెనే రికార్డులో రాసి, కింద ఒక వాక్యంలో పొరపాటు ఎక్కడ వచ్చి ఉండవచ్చో రాయండి. వైవాలో ఎగ్జామినర్ అడిగితే ఆ వాక్యాన్నే వివరించి చెప్పండి. మార్కు ఒకటి తగ్గినా తగ్గనివ్వండి.