విజయనగరం పల్లెల్లో తక్కువ ఖర్చుతో హారర్ సినిమా తీయాలంటే డబ్బు దేనిమీద పెట్టాలి?

రెండు మూడు లక్షల రూపాయలే చేతిలో ఉన్నవారు కెమెరా అద్దె కంటే ముందుగా ధ్వని గురించి ఆలోచించాలి. దృశ్యం కాస్త మసకగా ఉన్నా ప్రేక్షకుడు దానిని కథలో భాగమనుకొని సర్దుకుంటాడు గానీ, మాట సరిగా వినబడకపోతే భయం అక్కడికక్కడే చెదిరిపోతుంది. అందువల్ల మంచి మైకు, దానిని పట్టుకోవడం తెలిసిన మనిషి తప్పనిసరి. చిత్రీకరించిన ప్రతి చోటా అందరినీ కదలకుండా ఉంచి, ఆ గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం పాటు రికార్డు చేసుకుంటే, ఎడిటింగులో ధ్వని అతుకులు బయటపడవు.

కథను ఒకే ఇంటికి పరిమితం చేయడం రెండో పని. ‘పారానార్మల్ యాక్టివిటీ’ చిత్రాన్ని దాని దర్శకుడు సుమారు 15,000 డాలర్లతో తన సొంత ఇంట్లోనే తీశాడు. మన వైపు పాత మండువా లోగిలి ఒకటి దొరికితే చాలు. పెంకుల మీద వాన చప్పుడు, దూలాల మధ్య చీకటి ఏ సెట్టులోనూ అంత సహజంగా రావు. పాత్రలు ఉత్తరాంధ్ర యాసలోనే మాట్లాడాలి, అయితే ఆ యాసను హాస్యానికి మాత్రమే వాడే అలవాటును ఇక్కడైనా మానుకోవాలి. శ్రీకాకుళం జిల్లాలోని బౌద్ధ క్షేత్రం శాలిహుండం వంటి రక్షిత స్థలాల్లో తీయాలంటే కేంద్ర పురావస్తు శాఖ అనుమతి కావాలి కనుక, చిన్న బృందాలు వాటి జోలికి పోకపోవడమే మేలు.

మన విద్యుత్తు 50 హెర్ట్జ్ కాబట్టి, ట్యూబులైటు వెలుగులో కెమెరా షట్టర్ వేగాన్ని (ఒక్కో ఫ్రేము వెలుగును పట్టే సమయాన్ని) 1/50 సెకను దగ్గర ఉంచితే దృశ్యం మినుకుమనడం చాలావరకు తగ్గుతుంది. థియేటరులో ప్రదర్శించాలంటే సెన్సారు సర్టిఫికెట్ ఉండాలి. యూట్యూబుకు అది అక్కరలేదు.