టెక్సస్‌లో కారు ఇన్సూరెన్స్: మినిమమ్‌కి మారితే సరిపోతుందా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. 2023లో లోన్ మీద కొన్న ఎస్‌యూవీ ఒకటి, 2011 కరోలా ఒకటి ఉన్నాయి. ఒక్క క్లెయిమ్ కూడా చేయలేదు, అయినా ఆరు నెలల ప్రీమియం 1,150 డాలర్ల నుంచి 1,520కి పెరిగింది. స్టేట్ మినిమమ్‌కి, అంటే చట్టం అడిగే కనీస కవరేజీకి, మార్చుకోమని స్నేహితులు అంటున్నారు. హైదరాబాద్‌లో ఎప్పుడూ థర్డ్ పార్టీతోనే నడిపాం. ఇక్కడ కూడా అది చాలు కదా?

జవాబు: చాలదండీ. హైదరాబాద్ అలవాటుతోనే ఇక్కడ మనవాళ్లు చాలామంది పొరబడుతున్నారు కాబట్టి ముందు అదే చెబుతాను. ఇండియాలో థర్డ్ పార్టీ పాలసీ ఉంటే, మీ కారు తగిలి ఎవరైనా గాయపడినా చనిపోయినా కంపెనీ ఇచ్చే పరిహారానికి పైపరిమితి లేదు. ట్రైబ్యునల్ ఎంత చెబితే అంత కట్టాలి. టెక్సస్ మినిమమ్‌కి మాత్రం గట్టి పరిమితి ఉంది. గాయపడిన ఒక్కొక్కరికి 30,000 డాలర్లు, ఒక ప్రమాదంలో అందరికీ కలిపి 60,000, ఎదుటివారి ఆస్తి నష్టానికి 25,000. దీన్నే 30/60/25 అంటారు. తప్పు మీదైతే, ఆపైన ప్రతి డాలరూ మీరే కట్టాలి. కోర్టు తీర్పు వస్తే మీ బ్యాంకు ఖాతా దాకా రావచ్చు.

అమెరికాలో కొత్త కారు సగటు ధరే ఇప్పుడు 45,000 డాలర్లు దాటింది. టోల్‌వేలో మీ ముందున్న పికప్ ట్రక్ పూర్తిగా దెబ్బతింటే 25,000 ఏ మూలకి? ఇక సర్జరీ, నాలుగు రోజుల ఆసుపత్రి అంటే 30,000 నిలవదు. ఎఫ్‌డీలు, 401కె (ఉద్యోగులు రిటైర్మెంట్ కోసం దాచుకునే ఖాతా) అంటూ రూపాయి రూపాయి కూడబెట్టుకుంటున్న కుటుంబం సరిగ్గా ఇక్కడే గేటు తెరిచిపెట్టడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. కనీసం 100/300/100 (అదే వరుసలో, వేల డాలర్లలో) తీసుకోండి. మినిమమ్ నుంచి అక్కడికి వెళ్లడానికి అయ్యే అదనపు ఖర్చు, పెరిగే రక్షణతో పోలిస్తే సాధారణంగా తక్కువే. సొంత ఇల్లు, చెప్పుకోదగ్గ పొదుపు ఉంటే అంబ్రెల్లా పాలసీ (కారు పాలసీ పరిమితి దాటిన నష్టానికి ఆపైన డబ్బిచ్చేది) ధర కూడా అడగండి.

ఇంకో సంగతి. ఈ 30/60/25లో మీకు, మీ కారుకు ఒక్క డాలరు కూడా రాదు. అది ఎదుటివారి కోసం. ఇన్సూరెన్స్ లేకుండానో, మినిమమ్‌తోనో తిరిగేవాళ్లు మిమ్మల్ని గుద్దితే ఆదుకునేది అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజీ. టెక్సస్‌లో కంపెనీ దీన్ని మీకు ఇవ్వజూపి తీరాలి, వద్దనుకుంటే మీరు రాతపూర్వకంగా చెప్పాలి. పీఐపీ (పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్) కూడా అంతే. తప్పు ఎవరిదైనా మీ వైద్య ఖర్చులకు, పోయిన జీతంలో 80 శాతానికి పీఐపీ డబ్బిస్తుంది. ఇది 2,500 డాలర్ల నుంచి మొదలవుతుంది. ఆన్‌లైన్‌లో పాలసీ కొనేటప్పుడు ధర తగ్గుతోంది కదా అని చూడకుండా ఈ రెండూ వద్దని సంతకం పెట్టేసేవాళ్లు ఎక్కువ. మీ పాత కాగితాలు ఒకసారి తీసి చూడండి.

ప్రీమియం తగ్గించే దారి కరోలాలో ఉంది. దానికి ఇప్పుడు మార్కెట్లో ఎంత వస్తుందో చూసి, అందులోంచి డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో ముందు మీరే భరించే మొత్తం) తగ్గించి లెక్కేయండి. మిగిలేది ఏటా కట్టే కొలిజన్ (గుద్దుకున్నప్పుడు మీ కారు నష్టానికి డబ్బిచ్చే కవరేజీ) ప్రీమియానికి కొన్ని రెట్లు కూడా లేకపోతే దానికి కొలిజన్ మానేయండి. ఎస్‌యూవీకి మాత్రం లోన్ తీరేవరకు కొలిజన్, కాంప్రహెన్సివ్ (దొంగతనం, వడగళ్ల లాంటి వాటికి) రెండూ ఉండాలి. తీసేస్తే బ్యాంకు తనే ఒక పాలసీ తగిలించి ఖర్చు మీ మీద వేస్తుంది, అది ఇంకా ఖరీదు. పైగా వసంతకాలంలో డాలస్ చుట్టుపక్కల పడే వడగళ్లకి డబ్బిచ్చేది కాంప్రహెన్సివే. డిడక్టిబుల్‌ని 500 నుంచి 1,000కి పెంచితే ప్రీమియం కొంత తగ్గుతుంది, కానీ ఆ వెయ్యి బ్యాంకులో విడిగా ఉంటేనే పెంచండి.

టెక్సస్‌లో ప్రీమియం లెక్కలో క్రెడిట్ చరిత్రను కూడా చూస్తారు. కొత్తగా వచ్చినప్పుడు తీసుకున్న పాలసీనే కొనసాగిస్తుంటే, ఇప్పుడు స్కోరు బాగుపడి ఉంటే, వేరే కంపెనీల్లో తక్కువకే రావచ్చు. రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖ నడిపే హెల్ప్‌ఇన్సూర్ సైట్‌లో ధరలు పోల్చి చూడవచ్చు. డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సుకి డిస్కౌంట్ ఉందేమో కూడా అడగండి. ఇంట్లో ఉంటున్న బావమరిదినో, తమ్ముడినో పాలసీలో చెప్పకుండా దాచవద్దు. "ఎక్స్‌క్లూడెడ్ డ్రైవర్"గా, అంటే పాలసీ నుంచి మినహాయించినట్టు, రాయించిన వ్యక్తి నడిపితే అసలు కవరేజీయే ఉండదు.

ఇన్సూరెన్స్ పూర్తిగా మానేయాలన్న ఆలోచన మాత్రం వద్దు. మొదటిసారి పట్టుబడితే 175 నుంచి 350 డాలర్ల జరిమానా, ఆ తర్వాత వెయ్యి దాకా. టెక్సస్‌ష్యూర్ (ఇన్సూరెన్స్ ఉందో లేదో చూపే రాష్ట్ర డేటాబేస్) వ్యవస్థలో పోలీసులకి అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ఈ వారంలోనే మూడు కంపెనీల దగ్గర ఒకే లెక్కతో కోట్స్ తీసుకోండి: 100/300/100, అంతే మొత్తానికి అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్, పీఐపీ, ఎస్‌యూవీకి 1,000 డిడక్టిబుల్, కరోలాకి లయబిలిటీ (ఎదుటివారి నష్టానికి ఇచ్చే కవరేజీ) మాత్రమే. కొత్త పాలసీ మొదలయ్యాకే పాతది రద్దు చేయండి. మధ్యలో ఒక్క రోజు ఖాళీ వచ్చినా తర్వాతి కంపెనీ ఎక్కువ అడగవచ్చు.