కోరెషు పేరు చెప్పి ఓటడిగితే

సిస్టర్, వందనాలు. జమ్మలమడుగులో మీ మందిరానికి ప్రహరీ కట్టించిన అభ్యర్థి మీద కొట్లాట కేసులున్నాయని, అయినా "దేవుడు కోరెషును వాడుకోలేదా" అంటూ సంఘ పెద్దలు ఆయనకే ఓటేయమంటున్నారని, కాదంటే విశ్వాసం తప్పినట్టా అని అడిగారు.

తప్పినట్టు కాదు. బైబిల్లో యెషయా 45:1 యూదుల్ని చెర నుంచి విడిపించిన పర్షియా రాజు కోరెషును అభిషిక్తుడు అంటుంది, నిజమే. కానీ ఆయన్ని యూదులు ఎన్నుకోలేదు. వాళ్లు బబులోను చెరలో ఉన్నారు, చేతిలో ఓటు లేదు. మీ చేతిలో ఉంది. దేవుడు ఎవరినైనా వాడుకోవచ్చు, అది ఆయన ఇష్టం. మనం ఎవరికి బలమిచ్చామన్నది మాత్రం మనం ఒప్పజెప్పాల్సిన లెక్క. దావీదు రాజు అంతటివాడు తప్పు చేస్తేనే నాతాను ప్రవక్త మొహం మీదే "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. దావీదు ఒప్పుకున్నాడు. మచ్చలేని నాయకుడు ఎక్కడా దొరకడు, నేనూ వెతకమనను. మీ అభ్యర్థి ఒప్పుకున్నాడా, దెబ్బలు తిన్నవాళ్ల గడప తొక్కాడా? పెద్దల్ని ఆ మాట అడగండి.

నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్ ఎన్నికల సంఘం సైటులో ఉంటుంది. కేసులు అందులో రాయాల్సిందే, చదవండి.

మా కర్నూలు సంఘంలో ఇలాగే జరిగినప్పుడు నేను నోరు మెదపలేదు. ఆ అభ్యర్థి మనుషులు కొట్టిన కుర్రాడి తల్లి మా వెనక వరసలోనే కూర్చునేది. ఆ రోజు ఆమె ప్రార్థన అయిపోకముందే లేచి వెళ్లిపోయింది. ఆ బాధ నాకింకా ఉంది. మీరు మాట్లాడండి సిస్టర్. మీ అభ్యర్థి కోసం ప్రార్థన కూడా చేయండి, 1 తిమోతి 2 అడిగేది అదే. ఓటు అడగలేదు.