స్కార్లెట్ 2ఐ2 థర్డ్ జెన్ నుంచి ఫోర్త్ జెన్‌కి మారితే హిస్, లేటెన్సీ తగ్గుతాయా?

మీరు అడిగింది ఇది: ఫోకస్‌రైట్ కంపెనీ ఆడియో ఇంటర్‌ఫేస్ (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) స్కార్లెట్ 2ఐ2 థర్డ్ జెన్‌కి, అంటే మూడో తరం మోడల్‌కి, షూర్ ఎస్‌ఎం7బి మైక్ పెట్టి పాటలు రికార్డు చేసుకుంటున్నారు. గెయిన్ నాబ్ చివరిదాకా తిప్పినా గొంతు చిన్నగానే వస్తోంది. మిక్స్‌లో పెంచితే వెనక హిస్ (సన్నటి 'స్‌స్' చప్పుడు) తెలుస్తోంది. పాడుతున్నప్పుడు హెడ్‌ఫోన్స్‌లో మీ గొంతు కాస్త ఆలస్యంగా వినిపిస్తోంది. ఫోర్త్ జెన్ తీసుకుంటే ఈ మూడూ పోతాయా అని.

నా దగ్గర రెండూ ఉన్నాయి, రెండూ వాడుతున్నాను. ఈ మూడింటి కోసమే అయితే మారొద్దంటాను. హిస్ తగ్గదు. లేటెన్సీ, అంటే ఆ ఆలస్యం, దాదాపు ఇప్పుడున్నంతే ఉంటుంది. లెవెల్ కొంచెం పెరుగుతుంది గానీ ప్రకటన చూసి మీరు ఊహించుకున్నంత కాదు. నేను ఫోర్త్ జెన్ కొన్నది వేరే పని కోసం. అదేంటో కిందికి వచ్చాక చెప్తాను, మీ పని కూడా అలాంటిదే అయితే నా సమాధానం మారుతుంది.

ముందు గెయిన్ సంగతి చూద్దాం, ఎందుకంటే చాలామంది ఈ అంకె చూసే కొంటున్నారు. థర్డ్ జెన్‌లో మైక్ గెయిన్ రేంజ్ 56 డిబి, ఫోర్త్ జెన్‌లో 69 డిబి. 13 డిబి ఎక్కువ అంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ గెయిన్ రేంజ్ అనేది నాబ్ మొదటినుంచి చివరిదాకా ఎంత పెంచుతుందో చెబుతుంది, ఎక్కడ మొదలవుతుందో చెప్పదు. దానికోసం యూజర్ గైడ్‌లో ఇంకో అంకె చూడాలి. గెయిన్ పూర్తిగా తగ్గించి ఉన్నప్పుడు మైక్ ఇన్‌పుట్ ఎంత గట్టి సిగ్నల్ వరకు తట్టుకుంటుంది అన్నది ఆ అంకె. థర్డ్ జెన్‌లో అది 9 డీబీయూ (సిగ్నల్ వోల్టేజీని డిబిలో చెప్పే కొలత), ఫోర్త్ జెన్‌లో 16 డీబీయూ. అంటే ఫోర్త్ జెన్ నాబ్ 7 డిబి కిందనుంచి మొదలవుతుంది. ఇప్పుడు రెండింటినీ చివరిదాకా తిప్పేశామనుకోండి. మీటర్ నిండా వెలగాలంటే థర్డ్ జెన్‌కి మైనస్ 47 డీబీయూ సిగ్నల్ కావాలి, ఫోర్త్ జెన్‌కి మైనస్ 53 సరిపోతుంది. మీ చేతికొచ్చే అసలు తేడా 6 డిబి. మిగతా 7 డిబి డ్రమ్స్ ముందో గిటార్ ఆంప్ ముందో మైక్ పెట్టేవాళ్లకి పనికొస్తుంది. మెల్లగా పాడే గొంతుకి దాంతో పనిలేదు.

ఆ 6 డిబి మీకు ఇప్పుడే, ఏమీ కొనకుండా రావచ్చు. మైక్‌కి 20 సెంటీమీటర్ల దూరంలో నిలబడి పాడుతున్నట్లయితే 10 సెంటీమీటర్లకి జరగండి. దూరం సగమైతే గొంతు నుంచి నేరుగా వచ్చే శబ్దం సుమారు 6 డిబి పెరుగుతుంది. పైగా ఇక్కడ ఇంకో లాభం ఉంది. ప్రీఆంప్ (ఇంటర్‌ఫేస్‌లో మైక్ సిగ్నల్‌ని పెంచే భాగం) గెయిన్ పెంచితే గొంతుతో పాటు ఫ్యాన్ చప్పుడు, గది ప్రతిధ్వని అన్నీ అంతే పెరుగుతాయి. మీరు దగ్గరికి జరిగితే గొంతు ఒక్కటే పెరుగుతుంది. ఎస్‌ఎం7బి దగ్గరగా పాడేందుకు తయారైన మైక్, ఆ ఫోమ్ మూతి ఉన్నది అందుకే. దగ్గరికి వెళ్తే గొంతులో బేస్ కొంచెం ఉబ్బుతుంది. మైక్ వెనక బేస్ తగ్గించే స్విచ్ ఉంది, అది వేసుకుని మళ్లీ విని చూడండి.

వేవ్‌ఫామ్ సన్నగా కనిపిస్తోందన్న టెన్షన్ కూడా వదిలేయండి. 24 బిట్‌లో రికార్డు చేస్తున్నప్పుడు పీక్స్ మీటర్ చివరికి 20 డిబి కింద ఉన్నా చెడిపోయేదేమీ లేదు. లెక్క చూడండి. థర్డ్ జెన్ ప్రీఆంప్ సొంత నాయిస్, అంటే స్పెసిఫికేషన్లలో ఈఐఎన్ అని ఉండేది, మైనస్ 128 డీబీయూ. గెయిన్ చివరిలో ఉన్నప్పుడు ఫుల్ స్కేల్, అంటే మీటర్ నిండే లెవెల్, మైనస్ 47 డీబీయూ దగ్గర ఉందని ఇందాక అనుకున్నాం కదా. అంటే ప్రీఆంప్ నాయిస్ ఫుల్ స్కేల్‌కి 81 డిబి కింద ఉంది. కన్వర్టర్ (సిగ్నల్‌ని అంకెలుగా మార్చే భాగం) నాయిస్ దానికింకా 30 డిబి కింద ఎక్కడో ఉంది. కాబట్టి ఆ తర్వాత డీఏడబ్ల్యూలో (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో) క్లిప్ గెయిన్‌తో 6 డిబి పెంచినా, ఇంటర్‌ఫేస్‌లోనే 6 డిబి ఎక్కువ తీసుకున్నా చెవికి వచ్చేది ఒక్కటే.

ఇక హిస్. ఇక్కడ నిజంగా ఆశ పెట్టుకోకూడదు. ఫోర్త్ జెన్ ఈఐఎన్ మైనస్ 127 డీబీయూ. థర్డ్ జెన్‌ది మైనస్ 128. కాగితం మీద పాతదే ఒక డిబి మెరుగు, చెవికైతే రెండూ సమానం. ఇంతకంటే బాగా చేయడానికి పెద్దగా చోటు కూడా లేదు. 150 ఓమ్‌ల రెసిస్టర్‌ని ఊరికే బల్లమీద పెట్టినా, గది ఉష్ణోగ్రత దగ్గర దాన్నుంచి సుమారు మైనస్ 131 డీబీయూ థర్మల్ నాయిస్ వస్తుంది. డైనమిక్ మైక్ కాయిల్‌కీ అదే సూత్రం. ఏ కంపెనీ ఏ కొత్త మోడల్ తెచ్చినా ఆ గోడ దాటి కిందికి పోలేదు.

మీ గదిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఎస్‌ఎం7బి సెన్సిటివిటీ మైనస్ 59 డీబీవీ (సుమారు మైనస్ 57 డీబీయూ), అంటే 94 డిబి శబ్దానికి ఒక మిల్లీవోల్ట్ కంటే కాస్త ఎక్కువ. గది బాగా నిశ్శబ్దంగా ఉంది, 30 డిబి మాత్రమే అనుకున్నా ఆ గది చప్పుడు మైక్ నుంచి మైనస్ 121 డీబీయూ దగ్గర వస్తుంది. అదే ప్రీఆంప్ నాయిస్ కంటే 7 డిబి పైన. కంప్యూటర్ ఫ్యాన్ తిరుగుతున్న గది ఇంకా పైనుంటుంది. కాబట్టి మీరు హిస్ అనుకుంటున్నది ఇంటర్‌ఫేస్‌ది కాకపోవడానికే అవకాశం ఎక్కువ.

తేల్చుకోవడం సులభం. గెయిన్ కదపకుండా ఒక నిమిషం గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. తర్వాత అదే మైక్‌ని మందపాటి దుప్పట్లలో చుట్టి, బట్టల అల్మరాలో పెట్టి తలుపు మూసి మళ్లీ ఒక నిమిషం. రెండో ఫైల్‌లో చప్పుడు స్పష్టంగా తగ్గితే అది గది. రెండింట్లోనూ ఒకేలా సన్నటి 'స్‌స్' మాత్రమే ఉంటే అది మైక్, ప్రీఆంప్‌లది. నాకు మొదటిదే తేలింది. కంప్యూటర్‌ని మైక్ వెనకవైపుకి, బల్ల కిందికి మార్చాక మిక్స్‌లో ఆ చప్పుడు వెతుక్కోవాల్సి వచ్చింది. ఎస్‌ఎం7బి వెనకవైపు శబ్దాన్ని తక్కువ పట్టుకుంటుంది, ఆ లక్షణాన్ని వాడుకోవాలి.

లేటెన్సీ గురించి ఇంత చెప్పక్కర్లేదు. సాకెట్ టైప్-సి అయినా రెండూ లోపల యూఎస్‌బీ 2.0 మీదే నడుస్తాయి. రెండు చానెళ్లకి అది ఎంతో ఎక్కువ. ఆలస్యాన్ని ఎక్కువగా తేల్చేది బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతకి పోగుచేసుకునే శాంపిళ్లు. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిళ్ల బఫర్ అంటే 2.7 మిల్లీసెకన్లు, 512 అంటే 10.7. ఇది లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి. విండోస్ అయితే ఫోకస్‌రైట్ సొంత ఏఎస్ఐఓ డ్రైవర్ (తక్కువ ఆలస్యం కోసం ఉన్నది) ఎంచుకున్నారో లేదో చూడండి. బఫర్ తగ్గించినా ఆలస్యం పోకపోతే మాస్టర్ చానెల్ మీద ఏముందో చూడండి. లుక్‌అహెడ్ లిమిటర్, లీనియర్ ఫేజ్ ఈక్యూ లాంటి ఆలస్యం తెచ్చే ప్లగిన్లు ఉంటే మొత్తం సెషన్ వాటికోసం ఆగుతుంది. పాడేటప్పుడు అవి బైపాస్ చేస్తే చాలు.

అసలు పాడేవాళ్లకి మంచి దారి డైరెక్ట్ మానిటర్, అంటే గొంతు కంప్యూటర్ దాకా వెళ్లకుండా ఇంటర్‌ఫేస్ నుంచే హెడ్‌ఫోన్స్‌కి రావడం. అది మీ థర్డ్ జెన్ ముందువైపే ఉంది. ఆన్ చేసి, డీఏడబ్ల్యూలో ఆ ట్రాక్ మానిటరింగ్ ఆఫ్ చేయండి, లేకపోతే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది. రెవర్బ్ లేకుండా పొడిగా ఉంటే పాడలేను అనేవాళ్లకి ఒక ఉపాయం చెప్తాను, నేను ఎప్పుడూ ఇలాగే చేస్తాను. మానిటరింగ్ ఆన్‌లోనే ఉంచి, ట్రాక్ మీద రెవర్బ్‌ని నూరు శాతం వెట్ పెట్టండి. అప్పుడు అసలు గొంతు డైరెక్ట్‌గా ఆలస్యం లేకుండా వస్తుంది, కంప్యూటర్ నుంచి రెవర్బ్ ఒక్కటే వస్తుంది. రెవర్బ్ పది మిల్లీసెకన్లు ఆలస్యమైతే అది ప్రీడిలేలా (రెవర్బ్ ముందు కావాలని పెట్టే చిన్న ఖాళీలా) వినిపిస్తుంది, ఇంకా బాగుంటుంది. రికార్డు అయ్యేది ఎలాగూ పొడి గొంతే.

నాణ్యత మాట కూడా అడగకుండా ఉండరు కాబట్టి చెప్తున్నాను. ఫోర్త్ జెన్ గురించి చెప్పే 120 డిబి డైనమిక్ రేంజ్ (నాయిస్‌కీ గరిష్ఠ లెవెల్‌కీ మధ్య దూరం) అవుట్‌పుట్‌లది. మైక్ ఇన్‌పుట్‌కి అది 116, థర్డ్ జెన్‌లో 111. ఫోర్త్ జెన్ వచ్చాక రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. పాడి పోల్చితే ప్రతిసారీ గొంతు మారిపోతుంది. అందుకని ఒక పొడి గొంతు ట్రాక్‌ని స్పీకర్‌లో ఒకే వాల్యూమ్‌తో ప్లే చేసి, మైక్ కదపకుండా రెండింట్లోనూ రికార్డు చేశాను. లెవెల్స్ జాగ్రత్తగా సమానం చేశాను, ఒక డిబి గట్టిగా ఉన్నదే చెవికి మెరుగ్గా అనిపిస్తుంది మరి. ఫైళ్ల పేర్లు మా అక్క మార్చి ఇచ్చింది. ఏది ఏదో నేను నమ్మకంగా చెప్పలేకపోయాను. ఎయిర్ (గొంతుకి మెరుపు తెచ్చే స్విచ్)లోని కొత్త డ్రైవ్ మోడ్ వేసినప్పుడు మాత్రం వెంటనే తెలిసింది. అది బాగుంది కూడా. కానీ అలాంటి రంగు తర్వాత ప్లగిన్‌తో వేసుకోవచ్చు, రికార్డులోనే పడితే తీసేయలేం. నేనైతే ఆఫ్‌లోనే ఉంచుతాను.

మరి నేను ఎందుకు కొన్నాను? మా అక్క కథలు చదివి రికార్డు చేస్తుంది. ఒక్కతే కూర్చుని చదువుతుంది, గుసగుసలాడే పాత్ర పక్కనే అరిచే పాత్ర ఉంటుంది, మీటర్ చూస్తూ చదవమంటే చదువు చెడుతుంది. ఫోర్త్ జెన్‌లో ఆటో గెయిన్ నొక్కితే పది సెకన్లు విని లెవెల్ తనే పెట్టుకుంటుంది. క్లిప్ సేఫ్ వేసి ఉంచితే అరిచినప్పుడు క్లిప్ కాబోతుంటే, అంటే లెవెల్ పరిమితి దాటి శబ్దం చెడబోతుంటే, గెయిన్ తనే దించుతుంది. వీటన్నిటికన్నా నాకు విలువైనది ఇంకోటి. గెయిన్ ఎంతో అంకెగా కనిపిస్తుంది, కంప్యూటర్ నుంచి మార్చొచ్చు. నెల తర్వాత ఒక వాక్యం మళ్లీ చదవాల్సి వస్తే అదే అంకె పెట్టి పాతదాంట్లో అతికించవచ్చు. థర్డ్ జెన్ నాబ్‌కి గుర్తుగా టేపు ముక్క అంటించి అంచనాగా తిప్పాలి. ఆ పనికి ఫోర్త్ జెన్ ప్రతిరోజూ తన విలువ చూపిస్తోంది. నా పాటలు మాత్రం ఇప్పటికీ థర్డ్ జెన్‌లోనే రికార్డు చేస్తున్నాను.

ఇంకో పెద్ద తేడా లూప్‌బ్యాక్. కంప్యూటర్‌లో మోగుతున్న పాటని, మీ మైక్‌ని కలిపి లైవ్‌లోకో ఆన్‌లైన్ క్లాసులోకో పంపడానికి అది కావాలి. థర్డ్ జెన్ 2ఐ2 హార్డ్‌వేర్‌లో లేదు, ఫోర్త్ జెన్‌లో ఉంది. మ్యాక్‌లో బ్లాక్‌హోల్, విండోస్‌లో వాయిస్‌మీటర్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో పాతదాంట్లోనూ సాధించొచ్చు, అప్పుడప్పుడూ అయితే అదే చాలు. వారానికి నాలుగు క్లాసులు చెప్పేవాళ్లకి ఆ సెట్టింగులు విసుగు పుట్టిస్తాయి, వాళ్లని హాయిగా మారమంటాను.

నాబ్ తిప్పితే గరగరమనడం, సాకెట్ వదులై శబ్దం తెగిపోవడం మొదలైతే ఆలోచించక్కర్లేదు, మార్చండి. డ్రైవర్ సపోర్ట్ పోయినా అంతే. 2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ టాహోలో ఫైర్‌వైర్ (పాత తరహా కేబుల్ కనెక్షన్) సపోర్ట్ తీసేశారు, బాగా పనిచేస్తున్న పాత ఇంటర్‌ఫేస్‌లు ఆ అప్‌డేట్‌తో పక్కకి వెళ్లాయి. మీది యూఎస్‌బీ కాబట్టి ఆ బెంగ లేదు. గొంతు, గిటార్, కీబోర్డు ఒకేసారి రికార్డు చేయాలంటే మాత్రం ఎన్నో జెన్ అన్నది వదిలేసి ఎక్కువ ఇన్‌పుట్‌లున్న మోడల్ చూడండి. ఫోర్త్ జెన్ 2ఐ2లోనూ ఉన్నవి రెండే.

దగ్గరగా పాడినా, గది సర్దినా లెవెల్ ఇంకా చాలట్లేదనిపిస్తే క్లౌడ్‌లిఫ్టర్, ఫెట్‌హెడ్ లాంటి ఇన్‌లైన్ బూస్టర్ ఒకటి మైక్‌కీ ఇంటర్‌ఫేస్‌కీ మధ్య పెట్టుకోవచ్చు. ఇంటర్‌ఫేస్ ఇచ్చే ఫాంటమ్ పవర్‌తో పనిచేస్తుంది, సుమారు 25 డిబి ఇస్తుంది. ఫోర్త్ జెన్ ఇచ్చే 6 కంటే అది చాలా ఎక్కువ. నాకు ఎస్‌ఎం7బికి దాని అవసరం రాలేదు, మీ గొంతు మరీ మెల్లగా ఉంటే రావచ్చు.

ముందు ఆ దుప్పటి పరీక్ష చేయండి, 10 సెంటీమీటర్ల దూరంలో ఒక పల్లవి పాడి రికార్డు చేయండి. ఆ ఫైళ్లన్నీ ఎంపీ3 చేయకుండా వేవ్‌లోనే ఇక్కడ పెడితే హెడ్‌ఫోన్స్‌లో విని, ఆ చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో చెప్పడానికి ప్రయత్నిస్తాను.