హంతకుడెవరో మొదట్లోనే చెప్పు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల చదివాను. బియ్యం మిల్లు నీకు బాగా తెలుసు. ఊక వాసన కాగితం మీదికి వచ్చింది. మెచ్చుకోవడం ఇక్కడితో ఆపుతున్నాను. రాతప్రతితో పాటు పంపిన ఉత్తరంలో నువ్వు రాసిన ఒక మాట నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. నేను చూడమన్న ‘డబుల్ ఇండెమ్నిటీ’ (అంటే రెట్టింపు బీమా పరిహారం) సినిమా చూశానన్నావు. “హంతకుడెవరో మొదట్లోనే చెప్పేశారు, ఇక సస్పెన్స్ ఏముంది?” అన్నావు. నీ నవల ఎక్కడ దెబ్బతిన్నదో నాకు ఆ ప్రశ్నలోనే దొరికింది.

బిల్లీ వైల్డర్ తీసిన ఆ సినిమా 1944లో వచ్చింది. కథ లాస్ ఏంజెలెస్‌లో జరుగుతుంది. వాల్టర్ నెఫ్ అనే బీమా ఏజెంటు, ఒంట్లో తూటాతో, రాత్రివేళ తన ఆఫీసులోకి వచ్చి, మాటలు రికార్డు చేసే డిక్టాఫోన్ ముందు కూర్చుంటాడు. డబ్బు కోసం, ఒక ఆడమనిషి కోసం చంపాను, డబ్బూ దక్కలేదు, ఆమే దక్కలేదు అంటాడు. ఎవరు చంపారు, ఎందుకు చంపారు, చివరికి ఏం మిగిలింది అన్నవి మూడూ తేలిపోయాయి. అక్కడి నుంచి గంటన్నర పైగా నువ్వు కుర్చీలోంచి లేచావా? లేచి ఉంటే నాకు రాసేదానివి.

ఆ ఆడమనిషి పేరు ఫిలిస్. ఆమె భర్త చేత, కారు బీమా కాగితమని నమ్మించి, ప్రమాద బీమా మీద సంతకం పెట్టిస్తారు. పాలసీ యాభై వేల డాలర్లది. రైలు ప్రమాదంలో పోతే రెట్టింపు, అంటే లక్ష వస్తుంది. అందుకని కారులో అతన్ని చంపి, అతని కాలి కట్టు, కర్రలు నెఫ్ తగిలించుకుని రైలెక్కి, దూకి, శవాన్ని పట్టాల మీద పెడతారు. చంపడం తెర మీద కనబడదు. ఆ కాసేపూ కెమెరా స్టీరింగ్ ముందున్న ఫిలిస్ ముఖాన్నే చూస్తుంది. పని ముగించుకుని ఇద్దరూ కారెక్కుతారు. ఇంజను పట్టుకోదు. మళ్ళీ తిప్పుతుంది, పట్టుకోదు. అప్పుడు నువ్వు ఎవరి పక్షాన ఉన్నావో నిజాయితీగా గుర్తు చేసుకో. కారు కదలాలనే కోరుకున్నావు. ఒక నిరపరాధిని చంపినవాళ్ళు తప్పించుకోవాలని నీ చేత కోరుకునేలా చేశాడు వైల్డర్. హంతకులెవరో నీకు తెలియకపోతే ఆ కారు చెడిపోయిన కారు మాత్రమే.

ఆ తర్వాత కీస్ వస్తాడు. క్లెయిముల అధికారి, నెఫ్‌కు ఆప్తుడు. ఇది ఆత్మహత్య అని కంపెనీ పెద్ద తేల్చేస్తే, ఆత్మహత్యల పట్టికలన్నీ వరసగా చదివి, మెల్లగా పోయే రైలు వెనక నుంచి దూకి చనిపోయినవాడు వీటిలో ఒక్కడూ లేడని ఆయన నోరు మూయిస్తాడు. పక్కనే కూర్చున్న నెఫ్‌తో పాటు మనమూ ఊపిరి పీల్చుకుంటాం. కానీ కీస్‌కు అన్నం సహించదు. కాలు విరిగినప్పుడు ఆ మనిషి క్లెయిము ఎందుకు పెట్టలేదు? తనకు ప్రమాద బీమా ఉన్నట్టే అతనికి తెలియదు కాబట్టి! ఈ మాట కీస్ నోటి నుంచి వచ్చేటప్పుడు మనం చూడవలసింది నెఫ్ ముఖం. నేరస్థుణ్ణి దాచిపెట్టిన కథలో ఆ ముఖం చూసే హక్కు పాఠకుడికి ఉండదు.

ఇప్పుడు నీ నవల. నీ గుమాస్తా ‘నేను, నేను’ అంటూ పుస్తకం పొడుగునా నాతో మాట్లాడాడు. యజమానిని చంపింది తానేనని చివరి అధ్యాయంలో చెప్పాడు. తన మనసు విప్పి చెబుతున్నానంటూ అసలు సంగతి నా దగ్గర దాచినవాణ్ణి నేను నమ్మను. అది కూడా క్షమించేవాణ్ణేమో. ఏడో అధ్యాయంలో యజమాని పెద్దకర్మ భోజనం రాశావు. చనిపోయినవాడి తల్లి వంగి, గుమాస్తా విస్తట్లో ఇంకో గారె వేసి, “మావాడికి నువ్వంటే ప్రాణం, కడుపునిండా తిను నాయనా” అంటుంది. వాడు తింటాడు. నేను ఆ పేజీ దాటి ముందుకు పోయాను, ఎందుకంటే మొదటిసారి చదివినప్పుడు అది కర్మ భోజనం, అంతే. చివరి అధ్యాయం చదివాక వెనక్కి తిప్పి చూశాను. గొంతు పట్టేసింది. నీకున్న అన్ని పేజీల్లోనూ గొప్ప పేజీ అది. దాన్ని నువ్వే చంపుకున్నావు. ఆ ముసలావిడ చేతిలోంచి గారె ఎవరి విస్తట్లో పడుతోందో అప్పుడే నాకు తెలిసి ఉండవలసింది.

నా మాట అనుభవంతో చెబుతున్నాను. రాయడం మొదలుపెట్టిన రోజుల్లో నేను ఒక బీమా కార్యాలయంలో మరణ క్లెయిముల విభాగంలో గుమాస్తాను. పోయినవాడెవరో, డబ్బు ఎవరికి చేరుతుందో మొదటి కాగితంలోనే ఉండేది. అయినా కొన్ని ఫైళ్ళు మూయబుద్ధి అయ్యేది కాదు. ఏళ్ళ తరబడి ఆగిపోయిన ప్రీమియం, మనిషి పోవడానికి నెల ముందు వడ్డీతో సహా ఎవరో కట్టి ఉండేవారు. ఆ ఒక్క రసీదు చాలు, రాత్రి నిద్ర పట్టకపోవడానికి. అలాంటి రసీదు మీదే నా మొదటి నవల రాశాను. చంపినవాడు మొదటి వాక్యంలోనే ఒప్పుకుంటాడు.

ఒక వారపత్రిక దాన్ని తీసుకుంది. సంపాదకుడు నాకు చెప్పకుండా మొదటి అధ్యాయాన్ని విడదీసి చివరి వారానికి దాచాడు. గుట్టు బయటపడుతుందని నడుమ ఉన్న ఆ మనిషి ఆలోచనలన్నీ కొట్టేశాడు. నవల అంటే ఆ ఆలోచనలే! హంతకుణ్ణి కనిపెట్టినవారికి బహుమతి అని ప్రకటన వేశాడు. కార్డులు గుట్టలుగా వచ్చాయి. ఎవరు చంపారో అందరూ రాశారు, చంపినవాడు ఎలా బతుకుతున్నాడని ఒక్కరూ అడగలేదు. పాఠకుల తప్పు లేదు, వారికి అడిగే దారి మూసింది ఆయన. సీరియల్ అంటే ఇంతే అన్నాడు నాతో. నిజం కాదు. ‘డబుల్ ఇండెమ్నిటీ’కి మూలమైన జేమ్స్ కెయిన్ నవలిక కూడా 1936లో ‘లిబర్టీ’ అనే వారపత్రికలో సీరియల్‌గా వచ్చిందే. అందులో కథ చెప్పేవాడు మొదట్లోనే ఆ ఇంటిని చావు ఇల్లు అంటాడు, పత్రికల్లో మీరు చదివిన ఇల్లు ఇదే అని కూడా అంటాడు. ఆ ఊహకు మూలం 1927లో న్యూయార్క్‌లో రూత్ స్నైడర్, ఆమె ప్రియుడు కలిసి ఆమె భర్తను చంపిన కేసు. అక్కడా రెట్టింపు బీమాయే. విచారణ నాటికి చంపిందెవరో ఊరంతటికీ తెలుసు, అయినా పత్రికలు రోజూ దాన్నే రాశాయి, జనం రోజూ చదివారు.

ఆ సంపాదకుడి జాతి అంతరించలేదు. ఇప్పుడు పోటీల ప్రకటనల్లో ‘ఊహించని ముగింపు తప్పనిసరి’ అని వేస్తున్నారు. నోయర్ (‘డబుల్ ఇండెమ్నిటీ’ లాంటి చీకటి నేరకథా చిత్రం) తీస్తున్నామని చెప్పుకునే కుర్రవాళ్ళు కిటికీ పట్టీల నీడ గోడ మీద వేసి సరిపెడుతున్నారు. వైల్డర్ సినిమాలో ఆ నీడలు వేసిన ఛాయాగ్రాహకుడు జాన్ సైట్జ్ దుమ్ము కూడా కనబడాలని గదిలోకి లోహపు పొడి ఊదించాడు. ఆ దుమ్ము గదిలోకి తప్పు చేయబోయే మనిషి అడుగు పెడుతున్నాడని మనకు ముందే తెలుసు కనుకనే ఆ శ్రమ ఫలించింది.

వయసు మించిపోయిందేమోనని దిగులు పడ్డావు. వైల్డర్‌తో కలిసి ఆ స్క్రిప్టు రాసిన రేమండ్ చాండ్లర్ మొదటి నవల 1939లో వచ్చేనాటికి ఆయనకు యాభై దాటాయి. చమురు కంపెనీలో ఉద్యోగం పోయాకే కథలు మొదలుపెట్టాడు. వైల్డర్‌తో ఆయనకు పడలేదు, స్టూడియోకు ఫిర్యాదుల జాబితా రాసి ఇచ్చాడు. ఆ కొట్లాటల మధ్యనే అంత శుభ్రమైన సంభాషణలు పుట్టాయి.

ఒక్క సంగతి గట్టిగా పట్టుకో. నెఫ్ ఆ రాత్రి పోలీసులకు చెప్పడం లేదు, కీస్‌కు చెబుతున్నాడు. నువ్వు వెతికినవాడు మరీ దగ్గరగా, బల్లకు అవతలే ఉన్నాడు, అందుకే కనిపెట్టలేకపోయావంటాడు. అంతకంటే దగ్గర అంటాడు కీస్. నెఫ్‌ను గ్యాస్ చాంబర్‌లో చంపే ఘట్టాన్ని డబ్బు పోసి చిత్రీకరించి కూడా వైల్డర్ తీసేశాడు. ఆ ఇద్దరి మాటల తర్వాత శిక్ష చూపించడం అనవసరం.

నీ గుమాస్తా ఎవరికి చెబుతున్నాడు? నీ రాతప్రతిలో వినేవాళ్ళు లేరు. యజమాని తల్లికా, మిల్లులో తన కింద పనిచేసే కుర్రాడికా, నువ్వే తేల్చుకో. తేలాక చివరి అధ్యాయం తెచ్చి మొదట పెట్టు. ఏడో అధ్యాయంలో ఒక్క అక్షరం ముట్టుకోకు. పోలీసు జీపు వచ్చే చోట్లన్నీ తీసెయ్యి. కలం పేరు సంగతి, ప్రచురణకర్తల సంగతి ఇప్పుడు వద్దు. మొదటి అధ్యాయం కొత్తగా రాసి సంక్రాంతిలోగా పంపు, అక్షరాలు కొంచెం పెద్దవిగా వేయించు.